పొయ్యి చుట్టూ మన్యం చలికాలం

దీపావళి వెళ్ళి పది రోజులైతే చాలు, చింతపల్లి కొండల మీద తెల్లవారడం ఆలస్యమవుతుంది. సూర్యుడు వేళకే వస్తాడు గాని మంచు వదలదు. ఎనిమిది దాటినా పక్కింటి కప్పు కనపడదు. లంబసింగికి ఇక్కడి వాళ్ళు పెట్టుకున్న మరో పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ అంకె పత్రికల్లో పడుతుంది. పట్నం నుంచి కార్లు బారులు తీరుతాయి. వచ్చినవాళ్ళు మంచు చూసి, ఫొటోలు దిగి, ఎండెక్కేసరికి ఘాటు రోడ్డు దిగిపోతారు.

దిగిపోని వాళ్ళ సంగతి ఇది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు వైపు గూడేల్లో చలికాలం ఇంట్లోకి ఎలా వస్తుందో, వచ్చి ఏం అడుగుతుందో చూద్దాం. ఫలానా వారి ఇల్లని పేరు పెట్టడం లేదు. అటు ఏ గడప తొక్కినా ఇంచుమించు ఇదే ఇల్లు.

నిప్పు ఆరని ఇల్లు

ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆడమనిషి. రాత్రి పడుకోబోయే ముందు నిప్పు కణికల మీద బూడిద కప్పి ఉంచుతుంది. తెల్లవారుజామున ఆ బూడిద తీసి, నాలుగు పుల్లలు పేర్చి ఊదుతుంది. మంట లేస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే దుప్పటితో సహా పొయ్యి దగ్గరికి జరుగుతారు. ముసలమ్మ అప్పటికే అక్కడ ఉంటుంది. అసలామె నిద్రపోయేదే పొయ్యి పక్కన.

ఆ పొయ్యి వంటకు మాత్రమే కాదు. అదే ఇంటిల్లిపాదికీ రగ్గు. కరెంటు పోయిన రాత్రి అదే దీపం. పైన దూలానికి వేలాడగట్టిన మొక్కజొన్న కంకులూ, విత్తనాల మూటలూ చూడండి. పొగ పట్టి నల్లబడి ఉంటాయి. పొగ తగిలిన విత్తనం జోలికి పురుగు రాదు. వచ్చే ఏటి పంటను ఈ ఏటి చలిమంట కాస్తున్నదన్న మాట.

ఇప్పుడు చాలా ఇళ్ళలో గ్యాసు బండ కూడా ఉంది. 2016లో వచ్చిన ఉజ్వల పథకం కింద వచ్చినదో, అంతకుముందు దీపం పథకంలో ఇచ్చినదో మూలన నిలబడి ఉంటుంది. బండ అయిపోతే దానిని రోడ్డు దాకా మోసుకు దిగాలి, నిండినదాన్ని మోసుకు ఎక్కాలి. డబ్బు సరేసరి. అంచేత చుట్టం వచ్చినప్పుడు టీ కాయడానికే గ్యాసు. పైగా గ్యాసు ఇంటిని వెచ్చబెట్టదు, విత్తనం కాయదు. కట్టెలు ఎలాగూ కావాలి. వానలు వెనకబట్టగానే ఆడవాళ్ళు ఎండుపుల్లలు ఏరుకొచ్చి చూరు కింద పేర్చేది అందుకే. చూరు కింద మోపుల వరుస చూస్తే చాలు, ఆ ఇల్లు చలికి ఎంత సిద్ధపడిందో తెలుస్తుంది.

ఇంటి కప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. వెనకటి గడ్డి ఇల్లు ఎలుకలకూ, నిప్పుకూ భయపడవలసినదే. కాని చలికి వెచ్చగా ఉండేది. ఇప్పుడు రేకులు వచ్చాయి. వానకు మేలే. కాని చలి రాత్రి లోపలి ఆవిరి రేకుకు తగిలి నీరై, తెల్లవారగట్ల చుక్కచుక్కగా పక్కల మీద పడుతుంది. "బయట మంచు, లోన వాన" అని ముసలమ్మ నవ్వుతుంది. ఇళ్ళ పథకాలకు నమూనాలు గీసేవారు ఒక్క రాత్రి ఈ రేకు కింద పడుకుంటే బాగుండును.

గెడ్డ నుంచి నీళ్ళు తేవడం తరువాతి పని. చిత్రం ఏమిటంటే, తెల్లవారుజామున ఊట నీరు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. గాలి అంత చల్లగా ఉంటుంది కాబట్టి. అందుకే బిందెలు ముంచేవాళ్ళు పొద్దున్నే వెళ్ళడానికి అంతగా జంకరు. తిరిగి వచ్చేసరికి చోడి అంబలి ఉడుకుతూ ఉంటుంది. ఉంటే సామ బువ్వ, కొత్త చిక్కుళ్ళ కూర. మగవాళ్ళు జీలుగు చెట్టుకు కట్టిన కుండ దింపుకొస్తారు. జీలుగు కల్లు ఈ చలి నెలల్లోనే బాగా వస్తుంది. ఇంటి అవసరానికి గీసుకునే ఆ కల్లు మీద పన్ను వేయబోవడం 1879 నాటి రంప తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి. కొండ ఇంటి కుండలోకి చెయ్యి పెడితే ఏమవుతుందో అప్పటి దొరలకు తెలిసివచ్చింది.

ఇది పనుల కాలం

పట్నంవాడికి చలికాలం ముసుగుతన్ని పడుకునే కాలం. ఇక్కడ తీరిక దొరకని కాలం ఇదే. పల్లంలో వరి కోత, మెట్టలో చోళ్ళు, పచ్చగా పూసిన వలిసెలు గింజకు రావడం, రాజ్మా, కాఫీ, వెనకనే పసుపు. అన్నీ ఒకదాని మడమ మీద ఒకటి వస్తాయి.

రాజ్మా సంగతే చూడండి. వానలు తగ్గుముఖం పట్టాక విత్తుతారు. మోటారు లేదు, కాలువ లేదు. నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసే మంచు, అంతే. డిసెంబరు, జనవరిలో మొక్క ఎండుతుంది. ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోతుంది. అంచేత మంచు తడి ఉండగానే పీకాలి. వేళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యమధ్య గట్టు మీద పుల్లల మంట వేసుకుని చేతులు కాచుకుంటారు. పీకిన మొక్కను కళ్ళంలో ఎండబెట్టి కర్రలతో కొడతారు.

కాఫీది ఇంకా ఓపిక పని. పండిన పండే కోయాలి, పచ్చిది ఉంచాలి. కాబట్టి నవంబరు నుంచి ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పైన నీడనిచ్చే సిల్వరోకు, దాని ఒంటికి పాకిన మిరియం తీగ, కింద కాఫీ. కోసినరోజే పండు తోలు తీసి, గింజ పులియబెట్టి, కడిగి, ఎండలో పరవాలి. ఆ ఎండ ఏదీ? పదింటిదాకా మంచు, నాలుగింటికి కొండ నీడ. సాయంత్రం కాగానే గింజలు పోగుచేసి కప్పాలి. తడి తగిలితే నాణ్యం పోతుంది, ధర పడిపోతుంది. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశదేశాల్లో దానికి పేరుంది. ఆ పేరు వెనుక ఒక పరదా పట్టా, చలికి పగిలిన రెండు చేతులూ ఉన్నాయి.

అరకు వైపు వలిసె చేలు పసుపు పరిచినట్టు పూస్తాయి. ఫొటోలకు చేలోకి దిగినవాళ్ళు మొక్కలు తొక్కుతున్నారని కొందరు రైతులు మనిషికింత అని తీసుకుంటున్నారు. పూవుకు వెంటనే డబ్బు వస్తున్నది, గింజకు రావడమే కష్టం!

సంతలో వణుకు

"సలికేటి బాబూ, పుట్టినకాడినుంచీ అలవాటే. సంతకి సరుకు మోసుకెల్తే ధర నేదన్నప్పుడే వణుకొత్తాది." కళ్ళంలో గింజ తూర్పారబట్టే ఇంటాయన మాట ఇది.

ఎందుకు రాదు వణుకు? వానాకాలంలో ఇంట్లో గింజ అయిపోయినప్పుడు, పిల్లకు జ్వరం వచ్చినప్పుడు, విత్తనం కావలసినప్పుడు చేతికి దొరికింది షావుకారు. చలికాలంలో పంట వచ్చేసరికి ఆయన లెక్క సిద్ధంగా ఉంటుంది. సరుకు ఆయనకే పోయాలి, ధర ఆయన చెప్పినదే. తూకంలో తరుగు అదనం. అందరి పంటా ఒక్కసారే సంతకు దిగినప్పుడు ధర పడుతుంది. రెండు నెలలు ఆపుకుంటే లేస్తుందని రైతుకు తెలుసు. ఆపుకునే దమ్ము ఏదీ? దాచడానికి చోటూ లేదు, గడవడానికి రొక్కమూ లేదు.

ఈ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. కాఫీ, మిరియాలు అది కొంటుంది. అది సంతలో తక్కెడ పెట్టిన రోజున షావుకారు కూడా ధర పెంచక తప్పదు. ఆలస్యంగా వస్తే సరుకు అప్పటికే చేతులు మారిపోతుంది. చోళ్ళకూ, వలిసెలకూ కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. రాజ్మా ఆ జాబితాలోనే లేదు. ప్రకటించిన ధర కూడా కొనేవాడు కొండెక్కి వస్తేనే ధర. లేకపోతే కాగితమే.

కాగితం దగ్గరే ముడి

మరి రైతు షావుకారు దగ్గరికే ఎందుకు వెళ్ళాలి? ఈ ప్రశ్నకు జవాబు పొయ్యి దగ్గర లేదు, భూమి కాగితంలో ఉంది. పట్టా లేని చేనుకు బ్యాంకు అప్పు పుట్టదు. బ్యాంకు ఇవ్వకపోతే షావుకారే గతి.

1882 మద్రాసు అడవుల చట్టంతో పోడు మీద, పుల్లల మీద, ఆకుల మీద ఆంక్షలు బిగిశాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన చింతపల్లి పోలీసు స్టేషను ఈ కొండల్లోదే. ఇన్నేళ్ళకు 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి 4 హెక్టార్ల వరకు హక్కు ఇవ్వాలని అది చెబుతున్నది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. చీపుళ్ళు, అడ్డాకులు, తేనె వంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద కూడా హక్కు గిరిజనులదే. అర్జీ మొదట విచారించవలసింది గ్రామసభ. పట్టా చేతికొచ్చిన ఇల్లు కొంత ఊపిరి పీల్చుకుంది. రాని ఇంట్లో, సాగులో ఉన్నదానికన్నా తక్కువ రాసిన ఇంట్లో ఆ కాగితం కోసం తిరుగుడు ఆగలేదు. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే.

చలి మరో లెక్క కూడా అడుగుతుంది. మన్యంలో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారు చాలామందే. చలి తగిలితే వారికి ఎముకలు విరిచినట్టు నొప్పులు లేస్తాయి. 2023 జూలైలో దేశమంతటా ఈ జబ్బు నిర్మూలనకు కార్యక్రమం మొదలైంది, రక్త పరీక్షలు జరుగుతున్నాయి. మంచిదే. కాని జనవరి అర్ధరాత్రి నొప్పి లేచిన పిల్లను, రోడ్డు లేని గూడెం నుంచి దింపడానికి డోలీయే దిక్కు. వెచ్చని దుప్పటి, దగ్గరలో మందు, అంబులెన్సు ఎక్కిరాగల బాట ఆ పిల్లకు వైద్యంలో భాగాలే.

మంచు చూడడానికి వచ్చేవారిని ఎవరూ వద్దనడం లేదు. వాళ్ళ కోసం రోడ్లు వేయగలిగినప్పుడు గూడేనికీ వేయవచ్చు. పంట కోసే నెలల్లోనే ప్రతి సంతలో తక్కెడ పెట్టడం, కాఫీ ఎండబెట్టడానికి ఊరికో సిమెంటు కళ్ళం, గింజ దాచుకోవడానికి ఒక గిడ్డంగి, సాగులో ఉన్న భూమంతటికీ పట్టా. ఇవి కొండంత కోరికలేమీ కావు.

పొద్దు గుంకింది. గింజల మీద పరదా కప్పి అందరూ లోపలికి వచ్చారు. కోడలు పొయ్యిలోకి మోపు తోసింది. "అత్తా, చూరు కింద కట్టెలు సంకురాత్రి దాకా వత్తాయా?" అని అడిగింది. ముసలమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "కట్టెలు వత్తాయిలే. గింజలే వత్తాయో రావో సూడు" అంది.