వింత బీరులు – వానిలోని ధాన్యములు

గడచిన మాసమున నొక గ్రామమున విత్తనముల మొలక పరీక్షను చూపుచుంటిమి. తడిగోనెలో మొలచిన జొన్నలను దోసిట బట్టుకొని యొక వృద్ధసభ్యుడు, "అయ్యా, మా మనుమడు ఆఫ్రికాలో పనిచేయుచున్నాడు. అక్కడ జొన్నలతోను చోళ్లతోను బీరు కాచుదురని చెప్పినాడు. ఇది నిజమేనా? నిజమైనచో మన జొన్నల కేమైన ధర పలుకునా?" అని యడిగెను. మొదటి ప్రశ్నకు "నిజమే, పెద్దయ్యా" యని యప్పుడే చెప్పితిమి. రెండవ ప్రశ్నకు నిలుచున్న చోట జవాబు చెప్పుట సాధ్యము కాలేదు. అందుకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

త్రాగుడును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. దాని వలన చెడిన కాపురములు ప్రతి గ్రామమునను కలవు. కాని ధాన్యము పండించువాడు తన ధాన్యము లోకమున నేయే రూపములు దాల్చుచున్నదో, దాని వలన నెవరికి లాభమో, ఎవరికి నష్టమో యెరిగియుండుట మంచిది.

కల్లునకును బీరునకును భేదము

తాటిచెట్టు నుండియు నీతచెట్టు నుండియు దిగు నీరాలో చక్కెర ముందుగనే యుండును. కుండయందును గాలియందును నుండు ఈస్టు అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని, దానిని మద్యసారముగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. పైకి పొంగు నురుగునకు ఆ వాయువే కారణము. కావుననే ఉదయమున దించినది సాయంకాలమునకు పులిసి కల్లగును. ఎవరును దాని కేమియు చేయనక్కరలేదు.

ధాన్యము విషయ మట్లు కాదు. గింజలో నున్నది పిండి. బీరు పులియజేయు ఈస్టు పిండిని తినలేదు. కావున ముందుగా పిండిని చక్కెరగా మార్చవలెను. ఈ మార్పును ఏ దేశము వారు ఏ విధముగా సాధించిరో తెలిసినచో, వారి బీరులోని వింత సగము తెలిసినట్లే. పూర్వము నుండి వచ్చిన మార్గములు ముఖ్యముగా మూడు: గింజను మొలకెత్తించుట, నమలుట, బూజు పట్టించుట.

మొలకెత్తించుట

గింజ నానగానే లోని యంకురమునకు ఆహారము కావలసివచ్చును. అప్పుడు గింజ తన పిండిని తానే చక్కెరగా మార్చుకొన మొదలిడును. ఈ పని చేయు పదార్థమునకు డయస్టేసు అని పేరు. 1833వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున పయెన్, పెర్సో అను రసాయన శాస్త్రజ్ఞులు దీనిని మాల్టు నుండి వేరుచేసి చూపిరి. గింజలను మొలకెత్తించి, మొలక ముదరక మునుపే ఆరబెట్టినచో అది మాల్టు అగును. ఆ మాల్టును నలుగగొట్టి వేడినీటిలో నుంచినచో తియ్యని నీరు దిగును. ఆ నీటిని పులియబెట్టినదే బీరు.

ఐరోపాలో దీనికి యవలే ప్రధానము. జర్మనీలోని బవేరియా మండలమున 1516లో నొక శాసనము చేసి, బీరులో నీరు, యవలు, హాప్స్ అను తీగమొక్క పువ్వులు తప్ప మరేమియు కూడదని విధించిరి. అయినను ఆ మండలములోనే బాంబెర్గు పట్టణమున మాల్టును బీచి కట్టెల పొగపై ఆరబెట్టుదురు. అక్కడి బీరు పొగవాసన గొట్టును. ఒకప్పుడు చాల చోట్ల మాల్టు నిప్పుపైననే ఆరెడిది. పొగ తగులని పొయ్యిలు వచ్చిన తరువాత ఇతరులు మారిరి గాని యీ పట్టణపు వారు మారలేదు. లైప్‌జిగ్ నగరమున మన మజ్జిగలో వేసినట్లు ఉప్పును, ధనియాలను వేసి గోజె అను పుల్లని బీరు చేయుదురు. ఫిన్లాండు దేశపు రైతులు యవల మాల్టుతో రై అను ధాన్యపు మాల్టును కలిపి, తొలిచిన మ్రానిలో జూనిపరు కొమ్మలు పరచి దాని మీదుగా వడగట్టుదురు. దీనికి సాహ్తి యని పేరు. బెల్జియములో బ్రస్సెల్సు నగరపు చుట్టుప్రక్కల లాంబిక్ అను బీరునకు ఈస్టునే కలుపరు. మాల్టుతో పచ్చి గోధుమలను కలిపి కాచిన నీటిని లోతులేని పెద్ద పళ్లెమువంటి తొట్టిలో రాత్రియంతయు ఆరవిడుతురు. మన కల్లుకుండలో వలెనే గాలిలోని ఈస్టు దానంతటదియే చేరును. చలికాలముననే చేయుదురు, వేసవిలో చెడగొట్టు సూక్ష్మజీవులు ప్రబలును. కొయ్యపీపాలలో నొకటి మొదలు మూడు సంవత్సరముల వరకు నిలువయుంతురు.

ఇక ఆఫ్రికా. అక్కడి చాల దేశముల వాతావరణము యవలకు సరిపడదు. జొన్నలును చోళ్లును (రాగులు, తైదలు) వారి పంటలు; కావున బీరును వానితోనే చేయుదురు. దక్షిణాఫ్రికాలో జొన్నల మాల్టును మొక్కజొన్న పిండితో కలిపి ఉమ్‌కొంబోతి యను బీరు కాచుదురు. అది అంబలివలె చిక్కగను పుల్లగను నుండును, పులియుచుండగనే త్రాగుదురు. బుర్కినా ఫాసో దేశమున ఎఱ్ఱజొన్నలతో చేయు డోలో యను బీరు స్త్రీల వ్యాపారము. ఉగాండాలోని తేసో మండలమున చోళ్లతో చేసిన అజోన్‌ను పెద్ద కుండలో పోసి, వేడినీరు కలిపి, చుట్టును కూర్చుండి పొడవైన గొట్టములతో పీల్చుదురు. ఈ గ్రామీణపు బీరులు కొద్ది దినములకు మించి నిలువయుండవు. కావున దూరపు సంతలకు పోవు. వాని మీద వచ్చు డబ్బు చాలవరకు చేసిన గ్రామముననే నిలుచును.

ఇచ్చట నొక హెచ్చరిక. జొన్నకోసిన చేలో మరల చిగిర్చిన నామును మేసి పశువులు చచ్చుట మనమెరిగినదే. ఆ విషము హైడ్రోసయానిక్ ఆమ్లము. అదే విషము జొన్నమొలకలోను బుట్టును. కావున మాల్టు చేయువారు ఎండిన పిమ్మట మొలకలను వేళ్లను నలిపి తీసివేయుదురు. పెసలమొలకల వలె జొన్నమొలకలను పచ్చిగా తినరాదు, పశువులకు పెట్టరాదు.

నమలుట

అన్నపు ముద్దను మ్రింగక కొంతసేపు నమలినచో తియ్యనగును. మన లాలాజలములో కూడ పిండిని చక్కెరగా మార్చు పదార్థ ముండుటయే దీనికి కారణము. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతపు స్త్రీలు పూర్వము మొక్కజొన్న పిండిని నోట నానబెట్టి ముద్దలు చేసి, ఆరబెట్టి, నీటిలో కాచి, చీచా యను బీరు చేయుచుండిరి. అక్కడనే మొలకెత్తించిన మొక్కజొన్నతో చేయు పద్ధతియు కలదు; నేడు పెరూలో విశేషముగా నున్నది అదియే. అమెజాను అడవులలో కర్రపెండలమును ఉడికించి, కొంత భాగమును నమలి మిగిలినదానిలో కలిపి పులియబెట్టుదురు. వినుటకు రోతగా దోచినను, మాల్టు చేయు పని యెట్టిదో యిదియు నట్టిదే.

బూజు పట్టించుట

తూర్పు నేపాలు, సిక్కిము, డార్జిలింగు కొండలలో లింబూ మొదలగు జాతులవారు చోళ్లను ఉడికించి, ఆరబెట్టి, మార్చా యను బిళ్లల పొడి చల్లుదురు. ఆ బిళ్లలలో నొకవిధమగు బూజును ఈస్టును కలిసియుండును. బూజు పిండిని చక్కెరగా మార్చును. ఈస్టు చక్కెరను మద్యసారముగా మార్చును. పులిసిన చోళ్లను కొయ్యపాత్రలో నింపి, వేడినీరు పోసి, వెదురుగొట్టముతో పీల్చుదురు. నీరు తీరిన కొలది మరల పోయుదురు. దీనికి తొంగ్బా యని పేరు. ఉగాండా వారిదియు వీరిదియు నొకటే ధాన్యము, ఒకటే వేడినీరు, ఒకటే గొట్టము. చోళ్లకు పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికాలోని మెట్టభూములే. మన దేశమునకు వేల సంవత్సరముల క్రిందట వచ్చి చేరినవి.

రైతునకు దక్కిన దేమి?

ఇంతవరకు చెప్పినవి చాలవరకు ఇంటి బీరులు. కర్మాగారములు వచ్చిన పిమ్మట కథ మారినది. నైజీరియా ప్రభుత్వము 1988లో విదేశముల నుండి యవల మాల్టు దిగుమతిని నిషేధించినది. వెంటనే అక్కడి కర్మాగారములు జొన్నలకును మొక్కజొన్నలకును మరలినవి. మొలకెత్తించకయే, డయస్టేసువంటి పదార్థములను కొని పిండిలో కలిపి పని నడపు పద్ధతి యప్పుడు బాగుగా వ్యాపించినది. ఉగాండాలో 2002లో ఈగిల్ అను జొన్నబీరు వెలువడినది. దానికి ఎపురిపుర్ అను తెల్లజొన్న రకమును రైతులచే ఒప్పందము మీద పండింపజేసిరి. దేశవాళీ పంట వాడినందుకు సుంకములో తగ్గింపు నిచ్చిరి. మొజాంబిక్ దేశమున 2011లో ఇంపాలా యను కర్రపెండలపు బీరు వచ్చినది. మన పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములలో సగ్గుబియ్యమునకై కర్రపెండలము పండించువారు దాని యిబ్బంది నెరుగుదురు: త్రవ్విన రెండు మూడు దినములలో దుంప చెడును. అందుచేత నచ్చట దుంపను నలిపి పిండిచేయు యంత్రమునే వాహనము మీద నెక్కించి పొలముల యొద్దకు కొనిపోయిరి. రైతు దుంపను మోసికొని పరుగెత్త నక్కరలేకపోయినది.

ఇవి మేలి కథలు. కెన్యా దేశపు కథ వేరు. అచ్చట పేదలు కల్తీసారా త్రాగి ప్రాణములు పోగొట్టుకొనుచుండుటచే, చౌకబీరు నొకదానిని 2004లో తెచ్చి ప్రభుత్వము సుంకము మినహాయించినది. తరువాత దానిని జొన్నలతో చేయసాగిరి. వేలకొలది రైతులు జొన్నలు వేసిరి. 2013లో ప్రభుత్వము దానిపై నూటికి 50 వంతుల సుంకము విధించినది. ధర పెరిగెను, అమ్మకము కూలెను, కర్మాగారము కొనుగోలు తగ్గించెను. పండిన జొన్నలు రైతుల గరిసెలలో నిలిచిపోయినవి. 2015లో మరల సుంకము చాలవరకు తగ్గించిరి గాని నడుమ నష్టపోయినవారి నష్టమును తీర్చినవారు లేరు. పంటలో లోపము లేదు. రైతులో లోపము లేదు. కొనువాడు ఒక్కడు, శాసనము ఒక్కటి. ఆ రెండింటిలో నొకటి కదలగానే అంతయు కదలినది.

మనము గ్రహింపవలసినవి

1. మాల్టునకు జీవమున్న గింజ కావలెను. వానకు తడిసి నల్లబడినది, నూర్పిడిలో పగిలినది, గరిసెలో కాగినది, పురుగు తిన్నది మొలవదు. యవల మాల్టు చేయువారు నూటికి 95 గింజలకు తక్కువ మొలచినచో సరకును త్రోసివేయుదురు. ఇట్టి గింజ విత్తనమునకును మంచి ధర పలుకును.

2. కొనువాడు కోరు రకము వేరు, పొలము కోరు రకము వేరు కావచ్చును. టానిను అను వగరు పదార్థముగల ఎఱ్ఱజొన్నలను పిట్టలు అంతగా ముట్టవు. కాని ఆ వగరు డయస్టేసు పనికి అడ్డుపడును. నైరుతి ఉగాండాలో ఇట్టి జొన్నలను బూడిదనీటిలో నానవేసి వగరు తీయుదురు. వగరులేని తెల్లజొన్నలు కోరువాడు పిట్టల కావలి ఖర్చునకు తగిన ధర నీయవలెను.

3. ఒప్పందము మీద ఏ పంట వేసినను, ధర యెంత, ఎప్పుడు చెల్లింతురు, సరకును త్రోసివేసినచో దానిని మరి యెవరు కొందురు అను మూడింటిని విత్తక మునుపే వ్రాయించుకొనవలెను. ఒంటరి రైతు అడిగిన వినరు. సంఘము అడిగిన విందురు. ఉన్న భూమినంతయు నొక్క కొనుబడిదారునకై విత్తరాదు.

4. బీరు చేసిన పిదప మిగులు పిప్పి పాడిపశువులకు మంచి మేత. నూరు లీటర్ల బీరునకు సుమారు 20 కిలోల తడిపిప్పి మిగులును. కర్మాగారమునకు దగ్గరనున్న సంఘములు దీనిని విచారింపవచ్చును. రెండు దినములకు మించి నిలువయుంచినచో పులిసి చెడును.

5. మాల్టు విద్యకు బీరు అక్కరలేదు. చోళ్లను రాత్రి నానవేసి, గుడ్డలో మూటగట్టి, ఒకటి రెండు దినములలో మొలక రాగానే ఎండబెట్టి, మొలకలను నలిపి చెరిగి, సన్నని సెగపై దోరగా వేచి విసరవలెను. మాడ్చినచో డయస్టేసు నశించును. గట్టిగా ఉడికిన జావ గోరువెచ్చగా నున్నప్పుడు ఈ పిండి కొంచెము కలిపి, మరల నొక పొంగు రానిచ్చినచో అది పలుచనగును. పసిబిడ్డ యొక గిన్నెలో త్రాగగల జావలో నట్లు ఎక్కువ పిండి యిముడును, ఎక్కువ బలము చేరును. పై ప్రయోజనము లన్నింటిలో కొనుబడిదారుని యక్కరయు సుంకపు భయమును లేనిది యిది యొక్కటియే.

ఆ వృద్ధసభ్యునికి మా జవాబిది: పెద్దయ్యా, మన జొన్నలు బీరునకు పనికివచ్చును, కాని ధర జొన్నలో లేదు, ఒప్పందములో నున్నది. అట్టి కొనుబడిదారుడు మన యూరికి వచ్చినను రాకున్నను గింజకు జీవము కావలెను. సభ్యులు తమ తమ గరిసెల నుండి నూరేసి గింజలను తీసి, తడిగోనెలో చుట్టి, నాలుగైదు దినముల పిమ్మట మొలచినవానిని లెక్కించి, ఆ లెక్కను రాబోవు సంఘసమావేశమునకు తీసికొనిరా గోరుచున్నాము. ఎవరి గింజ నూటికి 90కి తగ్గినదో, వారి గరిసెను చూచుటకు మేమే స్వయముగా వచ్చెదము.