చీలిక మీద స్టేడియం

"స్టేడియంలో ఒక్క కుర్చీకి రెండున్నర లక్షల డాలర్లా తాతయ్యా?" అని నిన్న నోరు తెరిచావు కదా అమ్మడూ, ఆ సంగతి ఇవాళ చెబుతాను. ముందు వంటింట్లోంచి రెండు పీటలు పట్రా.

రెండింటినీ ఆనించి పెట్టు. వాటి మీదుగా అడ్డంగా ముగ్గుపిండితో ఒక గీత గియ్యి. ఇప్పుడు ఒక పీటను మెల్లగా ముందుకు జరుపు. గీత తెగి, రెండు ముక్కలూ ఎడమయ్యాయి చూశావా? బర్క్‌లీలో అక్కడి యూనివర్సిటీకి చెందిన కాలిఫోర్నియా మెమోరియల్ స్టేడియానికి జరుగుతున్నది ఇదే. 1923లో దాన్ని భూమి చీలిక మీదే కట్టారు. హేవర్డ్ భ్రంశం అంటారు దాన్ని, మీ ఫ్రీమాంట్ మీదుగా పోయేదీ అదే. దానికి అటూ ఇటూ ఉన్న నేల ఏడాదికి నాలుగైదు మిల్లీమీటర్లు జరుగుతుంది. మన గోళ్లు అంతకన్నా చాలా తొందరగా పెరుగుతాయి. అయినా తొంభై ఏళ్లు గడిచేసరికి గోడలు విడిపోయాయి. 1868లో ఈ చీలిక మీదే వచ్చినట్టు ఒకేసారి పెద్ద భూకంపం వస్తే ఇంకేమన్నా ఉందా!

అందుకే 2010 చివర్లో మొదలుపెట్టి 2012 సెప్టెంబరుకల్లా స్టేడియాన్ని దాదాపు కొత్తగా కట్టారు. ఆ ఇంజనీర్ల తెలివికి నేను దణ్ణం పెడతాను. చీలిక మీద పడే భాగాన్ని మిగతా కట్టడం నుంచి విడదీసి, కింద ఇసుక పొర, దానిమీద ప్లాస్టిక్ షీట్లు పరిచారు. నేల ఆరడుగులు పక్కకు జరిగినా ఆ భాగం దానితోపాటు జారుతుందే తప్ప విరగదు. మీ నాన్నమ్మ ట్రంకుపెట్టె కింద గోనెపట్టా వేసి లాగేది, అదే కిటుకు.

ఖర్చు 32 కోట్ల డాలర్లు. పక్కనే కట్టిన ఆటగాళ్ల శిక్షణ భవనంతో కలిపి అప్పు 44 కోట్లు దాటింది. సొంత మైదానంలో ఫుట్‌బాల్ ఆడేదేమో ఏడాదికి ఆరేడు రోజులు! టిక్కెట్లతో అంత అప్పు తీరుతుందా?

అక్కడే కుర్చీల ఆలోచన వచ్చింది. మన గుళ్లో శాశ్వత పూజ కట్టించుకుంటారు కదా, డబ్బు బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో ఏటా మన పేరున పూజ జరుగుతుంది. ఇదీ అలాంటిదే. సుమారు మూడు వేల మంచి సీట్లను 40, 50 ఏళ్ల హక్కుతో అమ్మాలనుకున్నారు. ధర 40 వేల నుంచి రెండున్నర లక్షల డాలర్ల దాకా. వచ్చిన డబ్బును మదుపు పెట్టి, ఆ రాబడితో అప్పు తీర్చాలని లెక్క. కుర్చీని చూపించి డబ్బు తేవడం కొత్తేమీ కాదు. 1927లో మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం కట్టుకోవడానికి 500 డాలర్ల బాండ్లు మూడు వేలు అమ్మింది. కొన్నవాళ్లకు సీజన్ టిక్కెట్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది.

బర్క్‌లీలో మాత్రం లెక్క తప్పింది. పథకం మొదలయ్యే వేళకే ఆర్థిక మాంద్యం. చాలామంది మొత్తం ఒకేసారి కట్టకుండా వాయిదాలు పెట్టుకున్నారు. పైగా జట్టు 2013లో పన్నెండు ఆటల్లో ఒక్కటే గెలిచింది. ఓడే జట్టును చూడటానికి యాభై ఏళ్ల సొమ్ము ముందే ఎవరు కడతారు? 2017 పన్ను చట్టం సీటు కోసం ఇచ్చే విరాళాలకు ఉన్న పన్ను రాయితీ కూడా తీసేసింది. చివరికి అప్పులో సగానికి పైగా యూనివర్సిటీయే నెత్తికెత్తుకుంది. 2021లో మైదానానికి పేరు పెట్టుకునే హక్కును పదేళ్లకు కోటి 75 లక్షల డాలర్లకు ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీకి అమ్మారు. మరుసటేడే ఆ కంపెనీ దివాలా తీసింది.

నాకు బాధ ఎక్కడంటే అమ్మడూ, నేల జరిగితే ఏం చెయ్యాలో అంత ముందుచూపుతో ఆలోచించినవాళ్లు, డబ్బు లెక్క దగ్గర అంతా అనుకున్నట్టే జరుగుతుందని నమ్మేశారు. తప్పితే ఆ బరువు పడేది చదువుల మీదే కదా.

శనివారం మీ నాన్న మనల్ని ఆ స్టేడియానికి తీసుకెళ్తానన్నాడు. ఆట మొదలయ్యేలోపు, విడదీసిన భాగానికీ మిగతా కట్టడానికీ మధ్య వదిలిన సందు ఎక్కడుందో ఇద్దరం వెతుకుదాం.