మ్యూజియంల ముంగిట మెట్రో స్టేషన్

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం నుంచి లింకన్ స్మారక మందిరం దాకా పరుచుకున్న పచ్చిక మైదానాన్ని నేషనల్ మాల్ అంటారు. దాని దక్షిణపు అంచున, 12వ వీధి కింద, 1977 జులై 1న ప్రారంభమైన స్మిత్సోనియన్ మెట్రో స్టేషన్‌కు రెండు ద్వారాలున్నాయి. ఒకటి పచ్చిక పక్కనే తెరుచుకుని సందర్శకులను మ్యూజియంల నడుమకు చేరుస్తుంది. ఇండిపెండెన్స్ అవెన్యూ మీది రెండోది వ్యవసాయ శాఖ వంటి ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులకు దగ్గరి దారి.

అమెరికా గడ్డపై ఎన్నడూ అడుగుపెట్టని బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ స్మిత్సన్ రాసిపోయిన ఆస్తితో 1846లో ఏర్పడిన విజ్ఞాన సంస్థ పేరే ఈ స్టేషన్‌దీ. ఆ సంస్థ మ్యూజియంలకు మాల్ మీద ప్రవేశ రుసుము లేదు కాబట్టి, అక్కడికి చేరే దారి కూడా అందరిదీ కావాలి, అందంగానూ ఉండాలి. భూగర్భ రైలు ఉపయోగకరంగా ఉంటే చాలదని, చూడముచ్చటగానూ ఉండాలని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966లోనే కోరారు.

ఆ కోరికకు రూపమిచ్చిన వాస్తుశిల్పి హ్యారీ వీజ్, స్తంభాలేవీ అడ్డులేకుండా స్టేషన్ మొత్తాన్ని ఒకే కాంక్రీటు కమాను కింద ఉంచి, ఆ కమాను లోపలి ముఖాన్ని అరలు అరలుగా తీర్చారు. ఈ అరల వల్ల కప్పు బరువు తగ్గడమే కాక, నునుపైన గోడకు లేని నీడల లోతు కూడా వచ్చింది. పట్టాలు నడుమనా ప్లాట్‌ఫాంలు రెండు పక్కలా ఉన్న ఈ స్టేషన్‌లో, ఎదుటి ప్లాట్‌ఫాం మీది జనమూ, తలపై కమాను వంపూ ఒకే చూపులో కనిపిస్తాయి. కమాను గోడను ప్లాట్‌ఫాంకు తగలనీయకుండా ఎడంగా నిలపడంతో చేతి రాతలు, గీతలు దాన్ని చేరవు. రైలు సమీపించగానే ప్లాట్‌ఫాం గ్రానైటు అంచున పొదిగిన దీపాలు మిణుకుమిణుకుమంటూ ప్రయాణికులను హెచ్చరిస్తాయి.

దీపాలు నేరుగా కాక కింది నుంచి కమాను మీదికి వెలుగు చిమ్మి, అక్కడి నుంచి ప్రతిఫలించేలా అమర్చడం వల్ల కళ్లకు మిరుమిట్లు లేకపోయినా, చదవడానికి వెలుతురు చాలదన్న ఫిర్యాదు చాలాకాలం వినిపించింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. తరువాత ఎల్‌ఈడీ దీపాలతో వెలుతురు పెంచారు గానీ, కమాను రూపాన్ని మాత్రం మార్చలేదు. ఈ మెట్రో నిర్మాణానికి అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 2014లో, పాతికేళ్లు దాటినా విలువ తగ్గని కట్టడాలకిచ్చే పురస్కారాన్ని అందజేసింది.