పాలన్నీ సెంటరుకేనా? బిడ్డల పలహారానికి పెరుగు పలకలు

ఎకరన్నర చేను, రెండు జెర్సీ ఆవులు, బడికి పోయే ఇద్దరు బిడ్డలు. చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు ఒక పల్లెలో అలాంటి ఇంటికి పోయినప్పుడు చూసిన సంగతి ఇది. తెల్లవారి ఆరు గంటలకు ఇల్లాలు పాలు పిండి క్యానులో పోసి సెంటరుకు పంపింది. నాకు టీ ఇచ్చింది. ఏడున్నరకు పిల్లలిద్దరూ బ్యాగులు తగిలించుకుని, అంగట్లో చెరొక కారం ప్యాకెట్టు కొనుక్కుని నములుతూ బడికి పోయారు.

"అక్కా, పాడి ఉన్న ఇంట్లో బిడ్డలకు ఆ ప్యాకెట్టు ఏమిటి?" అని అడిగాను.

"పాలు యాడుండాయన్నా? టీకి ఒక గలాసుడు పెట్టుకొని మిగతావి పోసేస్తాం. రాత్రి తోడేసిన పెరుగు కొంచెం ఉండాది. ఎండకాలం తెల్లారేసరికి పులిసిపోతాది, బిడ్డోళ్ళు దాన్ని ముట్టరు" అంది.

రైతు సోదరులారా, మీలో చాలామంది ఇళ్ళలో జరిగేది ఇదే గదా! వెన్న శాతం, ఘన పదార్థాల శాతం చూసి సెంటరువాళ్ళు కట్టే ధర కోసం ఆఖరి చుక్క దాకా పోస్తాం. దాణా బాకీ ఉంటుంది, కాబట్టి తప్పదంటాం. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదేమిటంటే, మనిషికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో కావాలి. లీటరు ఆవు పాలలో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు, వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. ఎదిగే బిడ్డ ఎముకకు కావలసినవి అవే. మీ సెంటరులో లీటరుకు ఎంత ఇస్తున్నారో మీకే తెలుసు. ఇద్దరు బిడ్డలు వారం రోజులు అంగట్లో ఖర్చు పెట్టేది ఒక కాగితం మీద రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రోజూ వద్దు. వారానికి రెండు మూడు రోజులు ఒక లీటరు ఆపితే చాలు. ఆపిన పాలను పిల్లలు అడిగి తినేలా ఎలా చెయ్యాలన్నదే ఈ వారం విషయం. పెరుగును వడగట్టి, బెల్లం కలిపి, పైన మామిడి ముక్కలు, చెనిక్కాయ పలుకులు చల్లి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పొద్దున్నే పలకలుగా విరుచుకు తినడం. గడ్డకట్టిన పెరుగును అమెరికాలో 1970ల నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. మన పట్నాల్లోనూ చిన్న గిన్నెడు పెట్టి బాగానే వసూలు చేస్తున్నారు. మనకైతే పొద్దున్నే పెరుగు తినడం కొత్త కాదు. మన పెద్దలు సద్దన్నంలో పెరుగు పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని మడక పట్టినవాళ్ళే.

నేను మొదటిసారి చేసి చెడగొట్టిన సంగతి ముందు చెప్పాలి. ఇంట్లో ఉన్న పెరుగును అలాగే పళ్ళెంలో పోసి, చక్కెర చల్లి ఐసు గదిలో పెట్టాను. తెల్లవారి చూస్తే రాయి! గరిటె కాడతో కొడితే పెళ్ళలుగా ఎగిరింది. నోట్లో వేసుకుంటే ఇసుక లాగా మంచు పలుకులు. మా చిన్నది ఒక ముక్క చప్పరించి, "నాయనా, ఇది పెరుగు కాదు, ఐసు" అని తీర్పు చెప్పేసింది. తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. పెరుగులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు గడ్డకట్టేటప్పుడు పలుకులవుతుంది. నీరు ఎంత తీసేస్తే పలక అంత మెత్తగా వస్తుంది. తీపి కూడా నీటిని గట్టిగా గడ్డకట్టనియ్యదు. వెన్న ఉంటే నోట్లో నున్నగా కరుగుతుంది. అందుకని మీగడ తీసిన పాలు దీనికి పనికిరావు. ఆ ఒక్క లీటరు మీద నెయ్యి ఆశ పెట్టుకోవద్దు.

తోడు దగ్గరే సగం పని

పాలు బాగా పొంగు వచ్చేదాకా కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగిన గోరువెచ్చదనానికి రానిచ్చి, తియ్యటి పెరుగు ఒక చెంచా తోడు వెయ్యండి. ఎండకాలంలో నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే తీసుకోవాలి, పులుపెక్కేదాకా ఆగితే బెల్లం ఎంత వేసినా చాలదు. పొద్దుటి పాలు ఆపి, పదికల్లా తోడేసి, మధ్యాహ్నం వడగట్టి, సాయంత్రానికి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి పలహారానికి సరిగ్గా అందుతుంది.

ఇక్కడ పాడి రైతులు గమనించవలసిన మాట ఒకటుంది. పొదుగువాపుకు సూది మందు వేయించిన ఆవు పాలు, డాక్టరు చెప్పిన గడువు ముగిసేదాకా ఇంట్లో వాడకూడదు, సెంటరుకూ పోయకూడదు. ఆ మందు పాలలోకి దిగుతుంది. పెరుగును తోడేసే సూక్ష్మజీవులను కూడా అది అణచిపెడుతుంది. తోడేసిన పాలు ఎంతకీ పేరుకోకపోతే తోడునే తిట్టుకోకండి, వారం పది రోజుల్లో ఆవుకు ఏం మందు వేశారో గుర్తు చేసుకోండి.

పలుచని నూలు గుడ్డ, పాత పంచె ముక్కయినా సరే, నీళ్ళలో మరగబెట్టి ఎండలో ఆరబెట్టింది తీసుకోండి. పెరుగు అందులో పోసి మూటకట్టి, కింద గిన్నె పెట్టి నాలుగు గంటలు వేలాడదీయండి. ఎండలు ముదిరిన రోజుల్లో బయట వేలాడదీస్తే వడిసేలోపలే పులుస్తుంది. జల్లెడలో మూటను పెట్టి, కింద గిన్నెతో సహా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. లీటరు ఆవు పాల పెరుగు వడిసేసరికి దాదాపు సగానికి దిగుతుంది. ఎనుము పాలయితే పెరుగు గట్టిది కాబట్టి ఇంకాస్త ఎక్కువ మిగులుతుంది. గిన్నెలోకి దిగిన తేటను పారబోసేరు! అందులోనూ సత్తువ ఉంది. రాగి అంబలిలో కలుపుకోండి, చపాతీ పిండి దానితో కలిపినా మెత్తగా వస్తుంది.

బెల్లం వంద గ్రాములు చాలు. కొంచెం నీటిలో కరిగించి, వడగట్టి, చిక్కబడేదాకా కాచి పూర్తిగా చల్లారనియ్యాలి. వేడి పాకం పోస్తే పెరుగు పలుచనైపోతుంది. చిత్తూరు బెల్లం మన ఇంటి సరుకే గదా, చక్కెర కొనే పని లేదు. బెల్లం పాకం, చిటికెడు ఉప్పు, దంచిన ఏలక్కాయ ఒకటి వేసి గరిటెతో నున్నగా కలపండి. స్టీలు పళ్ళెంలో అరటాకు ముక్క పరిచి, దాని మీద చిటికెన వేలి మందాన సమంగా పరవండి. అరటాకు వేస్తే పలక అంటుకోకుండా లేస్తుంది. మందం ఎక్కువైతే నడుమ గడ్డకట్టదు, పొద్దున విరగదు.

పైన చల్లేవి మీ చేనిలోవే

దుకాణాల్లో దీని మీద రంగు రంగుల మిఠాయి గుళికలు, చాక్లెట్టు చల్లుతారు. మనకు అవి అక్కర్లేదు. సీజనులో బేనీషా మామిడి ముక్కలు ప్రశస్తం. తోతాపురి కొంచెం పులుపైనా బాగా పండింది పనికొస్తుంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చిన సంగతి ఈ జిల్లా రైతు మరచిపోడు. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు వరసలో నిలబడినవాడు ఇంట్లో బిడ్డకు ఒక పండు కోసిపెట్టాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. మామిడి లేని రోజుల్లో అరటి, సపోటా, బొప్పాయి వేయవచ్చు. పండు ముక్కలు చిన్నవిగా తరిగి, తడి అద్ది వెయ్యాలి. పుచ్చకాయలాంటి నీటి పండు వేస్తే మళ్ళీ మంచు పలుకులే.

దాని మీద వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ పలుకులు, దోరగా వేయించిన నువ్వులు, కొబ్బరి కోరు. నాకు అన్నిటికన్నా నచ్చింది రాగి. కమ్మటి వాసన వచ్చేదాకా వేయించిన రాగి పిండిని రెండు చెంచాలు పెరుగులోనే కలిపాను. రంగు కొంచెం మట్టిగా ఉంటుంది, రుచి మాత్రం అద్భుతం. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కనుక పెరుగుకు తోడు పెరుగంత బలం.

చెనిక్కాయల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మంచి కాయ మిల్లుకు పోస్తాం, ముక్కిన కాయ, బూజు పట్టిన కాయ ఇంటికి ఉంచుతాం. బూజు కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, వేయించినంత మాత్రాన పోదు. ముడతపడినవి, రంగు మారినవి ఏరి అవతల పారేయండి. ఆవుకు కూడా పెట్టకండి, పాలలోకి వస్తుంది. ఐదేళ్ళలోపు బిడ్డలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి, వాళ్ళకు పొడి చేసి చల్లండి. బెల్లం బదులు తేనె వాడేవాళ్ళు ఏడాదిలోపు పాపాయికి మాత్రం నాకించకూడదు.

పళ్ళెం మీద మూత పెట్టి ఐసు గది అడుగుకు ఆనేలా పెట్టండి. చిన్న ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. మంచు పేరుకుపోయి ఉంటే ముందు రోజే కరిగించి తుడవండి, లేకుంటే చల్లదనం పళ్ళేనికి అందదు. పొద్దున్నే అరటాకు ఊడదీసి, చేత్తో విరిచి, బిడ్డకు రెండు మూడు పలకలు ఇవ్వండి. పది నిమిషాల్లో కరగడం మొదలవుతుంది కాబట్టి బడి దాకా చేతిలో పట్టుకుపోయేది కాదు, ఇంట్లో కూర్చొని తినాలి. ఒక దోశో, రెండు ఇడ్లీలో దానితో పాటు ఉండాలి, ఇదొక్కటే కడుపు నింపదు.

"పొద్దున్నే చల్లనిది పెడితే జలుబు చెయ్యదా?" అని అవ్వలు అడుగుతారు. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది, చల్లని పెరుగు వల్ల కాదు. గొంతు నొప్పిగా ఉండి బిడ్డే వద్దంటే బలవంతం వద్దు.

రాత్రి కరెంటు పోతే? పలక మెత్తబడినా ఇంకా చల్లగానే ఉంటే ఆ పూటే చెంచాతో తినేయండి. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించి మర్నాటికి దాచవద్దు. గడ్డకట్టినంత మాత్రాన అందులో చేరిన చెడు క్రిములు చావవు, నిద్రపోతాయంతే. పెరుగుకు మేలు చేసే సూక్ష్మజీవులూ అలాగే చాలావరకు బతికే ఉంటాయి, అది మనకు లాభమే.

ఫ్రిజ్ లేని ఇళ్ళ సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. నిజం చెప్పాలంటే ఇందులో ఐసుది పిల్లలను పిలిచే పని మాత్రమే. బలమంతా వడగట్టిన పెరుగులో, పైన చల్లినవాటిలో ఉంది. ఆ పెరుగునే తడి ఇసుక మీద పెట్టిన మట్టి పిడతలో ఉంచి, బెల్లం, పండు, పలుకులు కలిపి ఆ పూటే పెడితే సరిపోతుంది. గుజరాతు, మహారాష్ట్రలలో ఇలా వడగట్టిన పెరుగులోనే చక్కెర కలిపి శ్రీఖండ్ అని పండుగలకు చేసుకుంటారు.

దీన్ని చేసి అమ్ముకోవచ్చా అని ఒక సోదరుడు ఇప్పటికే అడిగాడు. నా మాట వింటే, వద్దు. ఇంటి నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా చల్లదనం తెగకుండా చూడాలి. అమ్మే ఆహారానికి ఆహార భద్రత శాఖలో నమోదు కావాలి. వేసవి కరెంటును నమ్ముకుని అంత పెట్టుబడి పెట్టడం చిన్న రైతుకు మంచిది కాదు. ముందు ఇంట్లో బిడ్డలను తిననివ్వండి.

బెల్లం కలపక ముందే ఒక చెంచా పెరుగు తీసి పక్కన పెట్టుకోండి, రేపటి తోడుకు అదే. మూట కట్టిన గుడ్డను అప్పుడే ఉతికి, ఎండలో ఆరెయ్యండి. పాల వాసన పట్టిందంటే ఆ గుడ్డ ఇక దీనికి పనికిరాదు.