లాసిక్‌కు ముందు వంశచరిత్ర

హ్రస్వదృష్టి ఉన్నవారికి కళ్లద్దాల అవసరం తప్పించే లాసిక్ శస్త్రచికిత్స ఆరోగ్యవంతమైన కంటికి చాలావరకు సురక్షితమే. అయితే కొన్ని అరుదైన జన్యు లోపాలు ఉన్నవారికి ఇదే చికిత్స ఉన్న చూపును కూడా దెబ్బతీయగలదు. ఆ లోపాల్లో కొన్ని శస్త్రచికిత్స నాటికి ఏ బాధా కలిగించకుండా ఉంటాయి కాబట్టి, యంత్రాల కొలతలతో పాటు కుటుంబ చరిత్రను కూడా కంటి పరీక్షలో భాగంగా చూడవలసి ఉంటుంది. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ వంటి సింగరేణి బొగ్గుగనుల ప్రాంతాల నుంచి ఈ చికిత్స కోసం కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లే యువతకూ, వారి తల్లిదండ్రులకూ ఈ సంగతి ముందుగానే తెలిసి ఉండాలి.

కంటి నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం మధ్యభాగంలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. లాసిక్‌లో మొదట 100 నుంచి 120 మైక్రాన్ల మందం గల పై పొరను కోసి పక్కకు మడుస్తారు. తరువాత లోపలి భాగాన్ని లేజర్‌తో, కళ్లద్దాల నంబరులో ఒక్కో డయాప్టరుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్ల చొప్పున, చెక్కి పొరను తిరిగి పరుస్తారు. చివరికి కనీసం 250 మైక్రాన్ల మందం చెక్కుచెదరకుండా మిగలాలన్నది వైద్యులు పాటించే నియమం. కార్నియాకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు సహజమైన పటుత్వంతో ఉన్నాయన్న నమ్మకం మీదే ఈ లెక్క అంతా నిలబడుతుంది. ఆ పటుత్వం లేనప్పుడు చికిత్స తరువాత కార్నియా క్రమంగా పలచబడి ముందుకు ఉబ్బుతుంది. ఎక్టేసియా అనే ఈ దుష్ఫలితాన్ని వైద్యలోకం 1998 నుంచి గుర్తిస్తూ వస్తోంది.

పటుత్వం సరిగానే ఉన్నా, కార్నియా గాయానికి స్పందించే తీరులోనే లోపం ఉండవచ్చు. అయిదవ క్రోమోజోము మీద ఉండే టీజీఎఫ్‌బీఐ అనే జన్యువులోని మార్పుల వల్ల కార్నియాలో తెల్లని నిక్షేపాలు ఏర్పడతాయని 1997లో తేలింది. వీటిలో రెండవ రకం గ్రాన్యులార్ డిస్ట్రోఫీ అనే వ్యాధికి, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో 124వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారిపోవడమే కారణం. ఇది బహిర్గత లక్షణం కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సంక్రమించినా చాలు. ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది. యౌవనంలో ఇటువంటి కంటిని స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో చూస్తే రవ్వంత తెల్లని చుక్కలు రెండో మూడో కనిపిస్తాయి, హడావుడి పరీక్షలో అవి కూడా కంటబడకపోవచ్చు. లాసిక్ గాయం మానే క్రమంలో కార్నియా కణాలు ఈ ప్రోటీనును అధికంగా తయారుచేయడంతో, మడిచి పరిచిన పొర అడుగున లోపభూయిష్టమైన ప్రోటీను పేరుకుపోయి, కొన్ని నెలల్లోనో కొన్నేళ్లకో చూపు మసకబారుతుంది. కొరియాలో ఈ లోపం ఎక్కువగా ఉన్నందున అక్కడ శస్త్రచికిత్సకు ముందు జన్యు పరీక్ష చేయించడం అలవాటయింది. భారతీయ కుటుంబాల్లో ఇదే జన్యువులోని వేరే మార్పులు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది ఉన్నా కేవలం అద్దాలు తీసేయడం కోసం లాసిక్ చేయకూడదు.

దేహమంతటా అవయవాలను పట్టి ఉంచే సంధాయక కణజాలంలోని లోపాలది మరొక వర్గం. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే మార్ఫాన్ సిండ్రోమ్‌లో ఎఫ్‌బీఎన్1 అనే జన్యువు దెబ్బతినడం వల్ల, కంటి కటకాన్ని పట్టి ఉంచే సన్నని దారాలు బలహీనపడి, సగానికి పైగా రోగులలో కటకం పక్కకు జరుగుతుంది. కంటిలో చుక్కల మందు వేసి కంటిపాపను వెడల్పు చేసినప్పుడు, మధ్యలో ఉండవలసిన కటకం అంచు నెలవంకలా బయటపడుతుంది. ఇక్కడ నంబరు రావడానికీ, తరచుగా మారడానికీ కారణం జరిగిన కటకం, సాగిన కనుగుడ్డు అయినప్పుడు, అసలే పలచగా ఉండే కార్నియాను చెక్కడం వల్ల రోగం తీరకపోగా ప్రమాదం పెరుగుతుంది. పైగా ఈ సిండ్రోమ్ గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిని కూడా బలహీనపరుస్తుంది కనుక, కంటి వైద్యుడు దానిని అనుమానించి గుండె పరీక్షకు పంపితే ప్రాణమే దక్కవచ్చు. ఇంతకంటే అరుదైన పెళుసు కార్నియా సిండ్రోమ్‌లో కార్నియా మందం 400 మైక్రాన్లకు లోపే ఉండి, తెల్లగుడ్డు నీలిఛాయలో కనిపిస్తూ, చిన్న దెబ్బకే కన్ను చిట్లే ప్రమాదం ఉంటుంది.

వంశపారంపర్యంగా వచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసాలో చిక్కు మరో విధమైనది. ఈ వ్యాధిలో కంటి వెనుక తెర అయిన రెటీనాలోని కణాలు క్రమంగా నశించి, మొదట రేచీకటి, తరువాత పక్కచూపు తగ్గడం మొదలవుతాయి. అలాంటివారికి హ్రస్వదృష్టి కూడా ఉంటే లాసిక్ నంబరును మాత్రమే తీసేయగలదు, నశించిన కణాలను తిరిగి తేలేదు.

తెలుగు కుటుంబాల్లో మేనరికపు పెళ్లిళ్ల వల్ల, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడే అంతర్గత లక్షణాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. కార్నియాను పలచబరచి మసకబార్చే మాక్యులార్ డిస్ట్రోఫీ అటువంటిదే; దానికి సీహెచ్ఎస్‌టీ6 జన్యువు కారణమని 2000లో తెలిసింది. భార్యాభర్తలిద్దరూ దానికి వాహకులైతే వారి చూపు బాగానే ఉన్నా, ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. అందువల్ల ‘మా అమ్మానాన్నలకు ఏమీ లేదు’ అన్న సమాధానం సరిపోదు. మేనమామలు, మేనత్తలు, వారి పిల్లల చూపు గురించి కూడా చెప్పాలి. 1987లో హైదరాబాద్‌లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇటువంటి వ్యాధుల జన్యువుల మీద దీర్ఘకాలంగా పరిశోధిస్తోంది.

కనుక శస్త్రచికిత్సకు సిద్ధపడేవారు కార్నియా మందం, దాని ఉపరితల పటం, చుక్కల మందు వేసి చేసే పూర్తి పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి. కుటుంబంలో ఎవరికైనా కార్నియా మార్పిడి జరిగిందా, చిన్న వయసులో చూపు పోయిందా, కటకం జారిందా, అసాధారణమైన పొడవుతో పాటు గుండెజబ్బు ఉందా, కీళ్లు మితిమీరి వంగుతాయా అన్నది వైద్యునికి తామే చెప్పాలి. అనుమానం ఉంటే రక్తంతోనో లాలాజలంతోనో జన్యు పరీక్ష చేయించవచ్చు. పరీక్షలన్నీ చూశాక వైద్యుడు లాసిక్ వద్దంటే, కాదనని మరో ఆసుపత్రిని వెతకడం కంటే ఆ మాటను మన్నించడమే మేలు, ఎందుకంటే కళ్లద్దాలతో స్పష్టంగా ఉన్న చూపును పణంగా పెట్టనవసరం లేదు.