కాయను బట్టి చెట్టు తెలుస్తుందా?

సూర్యాపేటలోనో కోదాడలోనో ఎవరింటి షోకేసులోనైనా అరచేతిలో పట్టనంత పైన్ కాయ కనబడితే, ఇంత కాయ కాసిన చెట్టు ఇంకెంత ఉంటుందో అనిపిస్తుంది. ఆ అంచనా నిలవదు. కాండం ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టు కాలిఫోర్నియాలోని జెయింట్ సెకోయా. దాని శంకువు (వృక్షశాస్త్రంలో ఈ కాయకున్న పేరు అదే) ఏడు సెంటీమీటర్లు దాటడం అరుదు. అదే రాష్ట్రంలో ఓ మాదిరిగా పెరిగే కౌల్టర్ పైన్ పచ్చికాయ మాత్రం నాలుగు కిలోల దాకా తూగుతుంది. పొడవులో షుగర్ పైన్‌దే పైచేయి, అరమీటరు దాకా సాగుతుంది. బరువులో మాత్రం కౌల్టర్‌కు సాటి రాదు. పోనీ కొలతనైనా నమ్ముదామంటే అదీ స్థిరంగా ఉండదు. మిర్యాలగూడ ఎండకు విచ్చుకున్న కాయే ముసురు పట్టినప్పుడు ముడుచుకుంటుంది. కాయ మీది పొలుసు వెలుపలి పొర తడిసినప్పుడు లోపలి పొరకంటే ఎక్కువగా సాగుతుంది, దాంతో పొలుసు లోపలికి వంగుతుంది. ఆరితే వెనక్కి విచ్చుకుంటుంది. డాసన్, విన్సెంట్, రోకా 1997లో ‘నేచర్’ పత్రికలో దీన్ని వివరించారు. ఈ కదలికకు ప్రాణంతో పనిలేదు. చెట్టు నుంచి రాలి ఏళ్లు గడిచిన కాయను నీళ్లలో నానేసినా మూసుకుంటుంది.

అందుకే సైజును పక్కనబెట్టి పొలుసును చూడాలి. పైన్ పొలుసు పైముఖాన, మొదలు దగ్గర, రెండు గింజల గుర్తులు పక్కపక్కనే ఉంటాయి. గింజలు ఎగిరిపోయినా ఆ అచ్చు మిగులుతుంది. అరకేరియా అనే మరో శంకువు చెట్ల కుటుంబంలో పొలుసుకు ఒకటే గింజ. ఇక పైన్లలో ఏ జాతి అన్నది పొలుసు కొన చెబుతుంది. కొన పలచగా, ముల్లు లేకుండా ఉండి కాయ జానెడుకు మించి ఉంటే షుగర్ పైన్ కావచ్చు, లేదా 15-30 సెం.మీ. కాయలు కాసే హిమాలయాల బ్లూ పైన్ కావచ్చు. మందమైన పొలుసు పులిగోరులా వంగి ఉంటే కౌల్టర్ కావచ్చు. పొలుసుకు ఇంత విలువ ఎందుకంటే, కాయే లేనప్పుడు కూడా అది సాక్ష్యం చెప్పగలదు. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం శిలల్లో డైనోసార్ల కాలపు ఒంటిగింజ పొలుసులు విడివిడిగా దొరికాయి. కాయ ఎంత పెద్దదో ఎవరూ చూడకపోయినా, అది అరకేరియా బంధువని ఆ పొలుసే తేల్చింది.

మరి షోకేసులోని కాయ ఇక్కడి చెట్టుదేనా? తెలుగు నేల మీద పైన్లు లేకేం, అరకులో నాటిన తోటలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కానీ దక్షిణ భారతంలో సహజంగా పెరిగే పైన్ జాతి ఒక్కటీ లేదు. పడమటి కనుమల్లో ఉన్న ఏకైక స్థానిక కోనిఫర్ (పైన్ల వర్గపు చెట్టు) నాజియాకు చెక్క కాయే ఉండదు. ఉష్ణమండలంలో తోటలుగా వేసే కరీబియన్ పైన్ వంటివాటి కాయలు సాధారణంగా 12 సెం.మీ. లోపే. అంటే కోదాడలో ఎవరైనా పట్టుబట్టి పైన్ పెంచినా షోకేసులోని ఆ కాయకు అది పుట్టిల్లు కాలేదు. అది హిమాలయాల యాత్ర నుంచో, అమెరికా బంధువుల సూట్‌కేసులోనో వచ్చి ఉంటుంది. నర్సరీలో క్రిస్మస్ చెట్టని అమ్మేది అరకేరియా. దాని కాయ పండాక పొలుసులుగా విడిపోతుంది కాబట్టి చెక్కుచెదరకుండా షోకేసు దాకా రాదు. సరుగుడు తోటల్లో రాలే బుల్లి కాయలదైతే శంకువు వేషమే. సరుగుడు పూలు పూసే మొక్క, సూదుల్లా కనబడేవి కణుపులున్న సన్నని రెమ్మలు. లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడతాయి.

పెద్ద కాయ ఇక్కడ పుట్టదన్న మాటకు ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. ఇళ్ల ముందు, ఆఫీసు ఆవరణల్లో పెంచే సైకస్ మొక్క నడినెత్తిన అడుగుకు పైగా పొడవున్న శంకువు లేస్తుంది కదా? లేస్తుంది. ఈ మైదానాల్లో చెట్టు మీదే చూడగలిగిన నిజమైన పెద్ద శంకువు అదే. శేషాచలం కొండల్లో దీని బంధువు సైకస్ బెడ్డోమీ ఉంది. మందుల కోసం శంకువులు కోసేయడంతో అది అంతరించే ప్రమాదంలో పడింది. సైకస్ శంకువుకూ పొలుసు పరీక్షే పనికొస్తుంది. తిరగేసి చూస్తే అడుగున గింజల గుర్తులు కాదు, పుప్పొడి సంచులు గుంపులుగా కనబడతాయి. అది మగ శంకువు. గింజలు పట్టేది వేరే మొక్కకు, అదీ ఈకల్లా చీలిన ఆకుల్లాంటి భాగాల అంచుల మీద.