కొసరు దక్కేదెప్పుడు?
ఆన్‌లైన్ కొనుగోళ్ళలో క్యాష్‌బ్యాక్ సంగతులు

కొసరు అనే మాట తెలుగువాళ్ళ సొత్తని మనం అనుకుంటాం గాని, అది ఎల్లలు దాటి చాలాకాలమైంది. చెన్నైలో కూరగాయల బండి దగ్గర "కొసురు" అని అడిగినా, బెంగుళూరు సంతలో "కొసరు" అని అడిగినా బేరమాడే తీరు తెలిసిన మనిషేనని అమ్మే ఆవిడకు అర్థమవుతుంది. తూకం అయ్యాక గుప్పెడు కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో సంచిలో పడేవి. కొనుగోళ్ళు ఫోనులోకి వెళ్ళాక ఆ గుప్పెడు కరివేపాకు పోయింది. అడగడానికి ఎదురుగా మనిషే లేనప్పుడు కొసరు ఎవరిస్తారు?

ఇస్తామంటున్నారు. వాటినే క్యాష్‌బ్యాక్ సైట్లంటున్నారు. "మా ద్వారా వెళ్ళి కొనండి, మీరు ఖర్చుపెట్టినదాంట్లో కొంత మీకే తిరిగి ఇస్తాం" అన్నది వాళ్ళ మాట. మన సంఘ సమావేశాల్లో కాఫీల వేళ ఈ ప్రస్తావన తరచుగా వస్తోంది. ఇది నిజమేనా, ఎవరి డబ్బు ఎవరికిస్తున్నారు, ఊరికే ఇవ్వడానికి వాళ్ళకేం పట్టింది అని పెద్దవాళ్ళ సందేహం. "నాకు వచ్చింది" అని ఒక కోడలు, "నాకు రాలేదు" అని మరో కోడలు. ఇద్దరి మాటా నిజమే. ఒకరికి వచ్చి మరొకరికి ఎందుకు రాలేదో తెలియాలంటే సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి.

కొన్నవాడికే కొంత తిరిగి ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఊళ్ళో 28 మంది సభ్యులు కలిసి ఒక సహకార దుకాణం తెరిచారు. వాళ్ళలో చాలామంది నేతపనివారు. వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తుల వంటి నాలుగైదు సరుకులతో మొదలుపెట్టారు. వచ్చిన మిగులును ఎవరెంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకు పంచేవారు. షోలాపూరులో, ముంబయిలో మగ్గాన్ని, మిల్లును నమ్ముకుని స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ప్రపంచ సహకారోద్యమానికి ఆదిగా చెప్పుకునే ఆ దుకాణం వెనక ఉన్నది వాళ్ళ తాతలు చేసిన వృత్తే. ఆ తరువాత 1896లో అమెరికాలో దుకాణాలవాళ్ళు కొనుగోలుదారులకు పచ్చ స్టాంపులివ్వడం, అవి పుస్తకంలో అంటించి వస్తువులు తెచ్చుకోవడం మొదలైంది.

నేటి క్యాష్‌బ్యాక్‌కు మూలం మాత్రం వేరు. అది దలాలీ. 1996లో అమెజాన్ సంస్థ ఒక పద్ధతి పెట్టింది. ఎవరైనా తమ సైటులో ఒక పుస్తకం గురించి రాసి, దాన్ని కొనడానికి అమెజాన్‌కు దారి చూపిస్తే, అమ్మకం జరిగినప్పుడు వాళ్ళకు కొంత కమీషన్ ఇస్తామంది. 1998లో అమెరికాలో ఈబేట్స్ అనే సంస్థ ఇంకో అడుగు వేసింది. దారి చూపినందుకు మాకొచ్చే కమీషన్‌లో సగమో పాతికో కొన్నవాడికే ఇస్తే, వాడు ప్రతిసారీ మా గుమ్మం మీదుగానే వెళతాడు గదా అన్నది ఆ లెక్క. ఆ సంస్థను 2014లో జపాను సంస్థ రకుటెన్ సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నదంటే లెక్క తప్పలేదన్నమాట. బ్రిటన్‌లో 2005లో క్విడ్‌కో, టాప్‌క్యాష్‌బ్యాక్ వచ్చాయి. లండన్‌లో అటువంటి సైటే నడిపిన స్వాతి, రోహన్ భార్గవ దంపతులు 2013లో మన దేశంలో క్యాష్‌కరో ప్రారంభించారు. 2016లో రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టాక ఆ పేరు పదిమందికీ తెలిసింది.

మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలుచుకుంటే ఇదంతా తేలికగా బోధపడుతుంది. సంబంధం కుదిర్చినందుకు పేరయ్యకు మగపెళ్ళివారు ఇంత అని ఇస్తారు. ఆ పేరయ్య అందులో కొంత తెచ్చి ఆడపిల్ల తండ్రి చేతిలో పెట్టి, "మీ రెండో అమ్మాయి సంబంధం కూడా నాకే చెప్పండి" అంటే ఎలా ఉంటుంది? క్యాష్‌బ్యాక్ సైటు చేసేది అదే. మనకు వచ్చే డబ్బు దుకాణం ప్రకటనల ఖర్చులో ఒక ముక్క. కాబట్టి ఇది మాయ కాదు, మోసమూ కాదు. ఉచితం మాత్రం ఎంతమాత్రం కాదు. ఆ ఖర్చంతా ధరలో ముందే కలిసి ఉంటుంది.

ఇక డబ్బు రావడం, రాకపోవడం సంగతి. మీరు క్యాష్‌బ్యాక్ సైటులో లాగిన్ అయి, అక్కడున్న దుకాణం పేరు నొక్కినప్పుడు మీతో పాటు ఒక గుర్తింపు సంఖ్య కూడా ఆ దుకాణానికి వెళుతుంది. మీ ఫోనులోనో కంప్యూటరులోనో కుకీ అనే చిన్న చీటీ మిగులుతుంది. మీరు డబ్బు కట్టగానే దుకాణం ఆ చీటీ చూసి, "ఈ మనిషి ఫలానా సైటు తరఫున వచ్చాడు" అని రాసుకుంటుంది. ఆ చీటీ చిరిగిపోతే కమీషన్ లేదు, క్యాష్‌బ్యాక్ లేదు. అది చిరగడానికి ఎన్ని దారులో చూడండి. సరుకు ముందే బుట్టలో వేసుకుని, తరువాత గుర్తొచ్చి క్యాష్‌బ్యాక్ సైటుకు వెళ్ళినా చీటీ పనిచేయకపోవచ్చు. సైటులో మొదలుపెట్టి మధ్యలో దుకాణం యాప్‌లోకి మారినా, ప్రకటనలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ ఉన్నా అంతే. పక్కింటి అబ్బాయి పంపిన కూపన్ కోడ్ కొట్టినా, మధ్యలో ధరలు పోల్చే ఇంకో సైటుకు వెళ్ళొచ్చినా అంతే. ఆ చివరిది చాలామందికి తెలియదు. ఈ వ్యాపారంలో ఆనవాయితీ ఏమిటంటే, కట్ట కడపట ఎవరి గుమ్మం మీదుగా వచ్చారో కమీషన్ వాళ్ళదే. సంబంధం చెప్పింది ఒకరైనా, తాంబూలాలప్పుడు పక్కన నిలబడ్డవాడికే దక్షిణ!

ఈ ఆనవాయితీ మీదే 2024 డిసెంబరులో పెద్ద రభస జరిగింది. హనీ అని ఒక బ్రౌజరు పనిముట్టు ఉంది. డబ్బు కట్టే సమయంలో కూపన్లు వెతికిపెడతానంటుంది. 2020 జనవరిలో పేపాల్ సంస్థ దాన్ని సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. ఒక యూట్యూబర్ వీడియో తీసి, ఇది చివరి క్షణంలో అడ్డం వచ్చి, కష్టపడి వస్తువును పరిచయం చేసినవాళ్ళ చీటీ తీసేసి తన చీటీ అంటిస్తోందని ఆరోపించాడు. మేము ఈ రంగంలో అందరూ పాటించే నియమాలే పాటిస్తున్నాం అని పేపాల్ జవాబు చెప్పింది. నిజానిజాలు కోర్టులు తేల్చేవి. ఆ మరుసటి మార్చిలో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరు నిబంధనలు మార్చి, వాడేవాళ్ళకు ప్రత్యక్షంగా ఒక మేలు చేయకుండా ఇటువంటి పనిముట్లు కమీషన్ చీటీలు అంటించరాదని చెప్పింది. మనకు పనికొచ్చే సంగతి ఒక్కటే. రెండు మూడు పనిముట్లు బ్రౌజరులో పెట్టుకుంటే రెండు మూడింతలు రాదు. ఒకదాన్నొకటి తినేసి ఒక్కటీ రాకుండా పోవచ్చు.

చీటీ సరిగా పడినా డబ్బు వెంటనే రాదు. కొద్ది గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఖాతాలో "పెండింగ్" అని కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకూడదు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇక్కడికి అతికినట్టు సరిపోతుంది. సరుకు తిప్పిపంపే గడువు దాటాలి, దుకాణం లెక్కలు చూడాలి, క్యాష్‌బ్యాక్ సైటుకు కమీషన్ ముట్టాలి. ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. చీర నచ్చలేదని వెనక్కి పంపితే సహజంగానే ఏమీ రాదు. ఖరారైన సొమ్ము కూడా సైటు చెప్పిన కనీస మొత్తం పోగయ్యాకే చేతికిస్తారు. ఏడాదికి రెండుసార్లు కొనే ఇంట్లో అది ఎన్నాళ్ళకు పోగవుతుందో ఆలోచించుకోవాలి.

ఇంకో తిరకాసు మాటల్లో ఉంది. "క్యాష్‌బ్యాక్" అన్నది బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. "రివార్డ్స్" అన్నది చాలాచోట్ల గిఫ్ట్ వోచరుగా మాత్రమే చేతికి వస్తుంది, అంటే మళ్ళీ కొనుక్కోవాలి. "5 శాతం వరకు" అన్నచోట ఆ "వరకు" మీద వేలు పెట్టి చూడండి. బంగారు నాణేలకు, గిఫ్ట్ కార్డులకు, రీఛార్జీలకు చాలాచోట్ల ఏమీ ఉండదు. పైగా శాతం చాలా దుకాణాల్లో పన్ను, రవాణా ఖర్చు తీసేసి లెక్కిస్తారు. 18 శాతం జీఎస్టీ ఉన్న వస్తువుకు మీరు 5,900 రూపాయలు కట్టారనుకోండి. అసలు ధర 5,000. 5 శాతం అంటే మీరు అనుకున్న 295 కాదు, 250.

ఈ లెక్కలకన్నా ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. ఒక మిక్సీ ఫలానా దుకాణంలో 4,000, 5 శాతం క్యాష్‌బ్యాక్. అదే మిక్సీ మరోచోట 3,700, క్యాష్‌బ్యాక్ లేదు. 200 తిరిగి వస్తుందన్న ఆశతో మొదటిచోట కొన్నవాళ్ళకు, ఆ 200 నిజంగా వచ్చినా నూరు రూపాయలు నష్టం. రాకపోతే మూడువందలు. మన వీధి చివర దుకాణం ధర కూడా ఈ పోలికలో పెట్టాలంటాను. బరంపురంలోనో యానాంలోనో ఆ దుకాణదారు రిపేరు వస్తే మనిషిని పంపుతాడు. ఆ సేవకు ఏ సైటూ శాతం కట్టదు. అలాగే పచ్చళ్ళు, తెలుగు పుస్తకాలు, నేత సహకార సంఘాల చీరలు అమ్మే చిన్నవాళ్ళు చాలామంది ఈ సైట్ల జాబితాల్లో కనిపించరు. కొసరు ఇచ్చేచోటే కొనాలని అలవాటు పడితే మనకు తెలియకుండానే వాళ్ళ గుమ్మం తొక్కడం మానేస్తాం. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చనిది ఇదే.

నచ్చినదీ ఉంది, చెప్పకపోతే అన్యాయం. ఇంట్లో ఎలాగూ కొనే వస్తువులుంటాయి. పిల్లల బూట్లు, మందులు, ఊరికి వెళ్ళే బస్సు టికెట్లు. జాబితా ముందు కాగితం మీద రాసుకుని, ధరలు చూసుకుని, ఆఖరున క్యాష్‌బ్యాక్ సైటు తెరిచే ఇల్లాలు నష్టపోదు. మన కుటుంబాల్లో జీతం లేని ఆడవాళ్ళు చాలామందికి తమదంటూ ఒక ఖాతా ఉన్నా అందులో తాము తెచ్చిన రూపాయి ఉండదు. పూర్వం పోపులడబ్బాలో దాచుకున్న చిల్లరకు ఉన్న గౌరవం ఈ నాలుగు వందలకూ ఉంది. మగవారు దాన్ని చూసి నవ్వనక్కరలేదు. అయితే ఆ ఖాతా, ఆ ఫోను నంబరు ఆమెవే అయి ఉండాలి.

ఇప్పుడు అసలు భయం సంగతి. పండుగ రోజుల్లో వాట్సాప్‌లో "మీకు 1,999 రూపాయల క్యాష్‌బ్యాక్ వచ్చింది, ఇక్కడ నొక్కండి" అని సందేశాలు వస్తాయి. మనం ఏమీ కొనకుండా కొసరు ఎక్కడిది? నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుని పిన్ అడుగుతుంది. పెద్దలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు: డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గరనుంచి పోతుందని అర్థం. చేరడానికి రుసుము అడిగే సైటు, మరో పదిమందిని చేర్పిస్తేనే డబ్బు అనే సైటు క్యాష్‌బ్యాక్ సైటు కాదు. అలా డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా ఆ నిమిషమే 1930కి ఫోను చేయాలి. త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. ఇంట్లో పిల్లలు కూడా "నీకెందుకమ్మా ఇవన్నీ" అని విసుక్కోకుండా ఉంటే పెద్దవాళ్ళు వెంటనే చెబుతారు.

మనం కొనే ప్రతి వస్తువూ ఆ సైటుకు తెలుస్తుందన్నది మరో విషయం. ఏ ఇంట్లో మధుమేహం ఉందో, ఏ ఇంట్లో పసిబిడ్డ రాబోతున్నదో కొనుగోళ్ళే చెబుతాయి. ఇది కొందరికి పట్టదు, కొందరికి పడుతుంది. పట్టేవాళ్ళు మందుల కొనుగోళ్ళు ఈ దారిన చేయకుండా ఉంటే సరి.

"ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ధర పెరుగుతుంది" అని తొందరపెట్టే రాతలు చూస్తుంటాం. లేని తొందర పుట్టించడం, అడగకుండా బుట్టలో అదనపు వస్తువు చేర్చడం వంటి 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీచేసింది. అటువంటివి ఎదురైనా, ఖరారైన సొమ్ము ఇవ్వకుండా తిప్పుతున్నా, ముందు సైటువాళ్ళకే ఆర్డరు నంబరు, తేదీ, తెరచిత్రంతో సహా రాయండి. చాలా సైట్లలో ఇందుకు గడువుంటుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. వాళ్ళు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ 17 భాషల్లో మాట్లాడతారు. కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాతో పాటు తెలుగూ ఉంది. షోలాపూరులో ఉన్న మన నాయనమ్మ తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఆర్డరు కాగితం మాత్రం చేతిలో పెట్టుకుని ఫోను చేయమనండి.